ప్యాకేజీలు, వెర్షన్లు, లాక్ ఫైలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల రైతు విత్తనాల దుకాణానికి పోయి "వరి విత్తనాలు కావాలి" అని మాత్రమే అనడు. రకం పేరు, అంకె చెప్పి మరీ అడుగుతాడు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరికి బీపీటీ 5204 అని సంఖ్య. దాని గింజ గుణం చెడకుండా, బాక్టీరియా ఎండుతెగులును తట్టుకొనే శక్తిని చేర్చి, హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు రూపొందించిన 'మెరుగుపరచిన సాంబమసూరి' 2008లో విడుదలయినది. పేర్లు దాదాపు ఒకటే. కాని తెగులు సోకిన సంవత్సరం ఈ రెండు పొలాలూ ఒక తీరుగా ఉండవు. కాబట్టి సంచి మీద పేరు చాలదు, ఏ రకమో స్పష్టంగా ఉండాలి.

కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలోనూ ఇదే చిక్కు ఉన్నది. వెబ్‌సైట్లు తయారుచేసేవారు ప్రతి చిన్న పనికీ స్వయంగా ప్రోగ్రాము రాసుకోరు. ఇతరులు రాసి, అందరి ఉపయోగానికీ ఇచ్చిన భాగాలను తెచ్చి కలుపుకొంటారు. అటువంటి భాగాన్ని, దాని పేరుతో, అంకెతో, అది ఆధారపడే ఇతర భాగాల జాబితాతో సహా కట్టిన మూటనే ప్యాకేజీ అంటారు. మూటలను భద్రపరచే కేంద్రం రిజిస్ట్రీ. అక్కడినుంచి వాటిని తెచ్చి అమర్చే పనిముట్టు ప్యాకేజీ మేనేజరు. జావాస్క్రిప్టు భాష వాడేవారికోసం ఐజాక్ ష్లూటర్ 2010లో వెలువరించిన ఎన్‌పీఎమ్ ఇటువంటి పనిముట్టే.

అనంతగిరిలో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ బడికి తెలుగు వెబ్‌సైటు తయారుచేస్తున్నారనుకొందాం. తెలుగు అక్షరరూపాలను వారు గీయనక్కరలేదు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో అందించిన రామభద్ర, మండలి వంటి ఫాంట్లు ప్యాకేజీల రూపంలో దొరుకుతాయి. ఒక్క ఆజ్ఞ ఇస్తే ఫాంటు వచ్చి చేరుతుంది. అయితే అన్ని ప్యాకేజీలూ ఇంత సరళం కావు. ఒకటి మరొకదానిపైన, అది ఇంకొకదానిపైన ఆధారపడతాయి. పది ప్యాకేజీలు కోరితే వందలు వచ్చి చేరవచ్చు.

ఇక అంకెల సంగతి చూద్దాం. ప్యాకేజీ వెర్షనును సాధారణంగా మూడు అంకెలతో సూచిస్తారు. ఉదాహరణకు, 2.4.1. లోపం సవరించి, మరేదీ మార్చకపోతే చివరి అంకె పెరిగి 2.4.2 అవుతుంది. పాత సౌకర్యాలను చెడగొట్టకుండా కొత్తవి చేర్చితే 2.5.0 అవుతుంది. పాత పద్ధతిలో వాడేవారికి ఇకపై పనిచేయనంతటి మార్పు చేస్తే 3.0.0 అవుతుంది. అంటే ఈ అంకెలు రచయిత వాడుకదారులకిచ్చే మాట వంటివి. అయితే మాట ఇచ్చినవాడూ పొరపాటు పడవచ్చు. చిన్న సవరణ అనుకొన్నదే ఒక్కొక్కప్పుడు ఇతరుల పనిని చెడగొడుతుంది.

ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఎన్‌పీఎమ్ తనంత తానుగా అంకెకు ముందు టోపీ వంటి గుర్తు నొకదానిని చేర్చి రాసుకొంటుంది. "2.4.1 గాని, 3.0.0కు లోబడిన కొత్తది గాని" అని ఆ గుర్తుకు అర్థం. ఉపాధ్యాయుడు జూన్‌లో తెచ్చుకొన్నప్పుడు 2.4.1 వచ్చినది. విద్యార్థి ఆగస్టులో తెచ్చుకొంటే 2.6.0 వచ్చినది. ఇద్దరి ప్రోగ్రామూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. అయినా ఒకచోట పనిచేసి, రెండవచోట ఆగిపోవచ్చు. తప్పు విద్యార్థిదని అందరూ అనుకొంటారు!

దీనికి విరుగుడు లాక్ ఫైలు. 2016లో వచ్చిన యార్న్ అనే పనిముట్టు దీనిని ప్రచారంలోకి తెచ్చినది. 2017లో ఎన్‌పీఎమ్ అయిదవ వెర్షను కూడా దీనిని తనంతటనే తయారుచేయసాగినది. నిజంగా తెచ్చిన ప్రతి ప్యాకేజీ పేరు, ఖచ్చితమైన అంకె, దాని వేలిముద్ర వంటి సంకేతం ఇందులో నమోదవుతాయి. ప్యాకేజీలో ఒక్క అక్షరం మారినా ఆ సంకేతం పూర్తిగా మారిపోతుంది. కాబట్టి మధ్యలో ఎవరైనా మార్చితే వెంటనే పట్టుబడుతుంది. 'ఎన్‌పీఎమ్ సీఐ' అనే ఆజ్ఞ ఈ ఫైలులో ఉన్నవాటినే, ఉన్నవి ఉన్నట్లుగా తెచ్చి పెడుతుంది.

అంకె సరిగా ఉంటే చాలునా? ప్యాకేజీయే మాయమైతే? 2016 మార్చి 22న అదే జరిగినది. అజెర్ కోచులు అనే ప్రోగ్రామరు, ఒక ప్యాకేజీ పేరును గురించిన వివాదంలో నొచ్చుకొని, తన ప్యాకేజీలు 250కి పైగా ఎన్‌పీఎమ్ నుంచి ఉపసంహరించుకొన్నాడు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి. 7ను 007గా రాయవలసివచ్చినపుడు ఎడమవైపు సున్నాలు చేర్చడం వంటి పని చేసే 11 వరుసల ప్రోగ్రాము అది. బేబెల్ వంటి పేరొందిన పనిముట్లు గొలుసుకట్టుగా దానిపై ఆధారపడి ఉండడంవల్ల ప్రపంచమంతటా ఎందరి పనులో ఆగిపోయాయి. కొద్ది గంటలలోనే నిర్వాహకులు దానిని పునరుద్ధరించారు. ఇతరులు ఆధారపడే ప్యాకేజీలను ఇష్టం వచ్చినట్లు తొలగించే వీలు లేకుండా తరువాత నిబంధనలను కఠినం చేశారు.

ప్యాకేజీలను నడిపే నోడ్ వ్యవస్థకు కూడా వెర్షన్లున్నాయి. ఒకే కంప్యూటరులో రెండు మూడు నోడ్ వెర్షన్లుంచి, పనినిబట్టి మార్చుకొనడానికి ఎన్‌వీఎమ్ ఉపయోగపడుతుంది. స్వయంగా రాసిన ప్రోగ్రాము మార్పులను నమోదుచేయడానికి లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ ఉన్నది. లాక్ ఫైలును కూడా గిట్‌లో భద్రపరచడం మంచి అలవాటు.

అయితే ఒక హెచ్చరిక. లాక్ ఫైలు మంచిని ఎట్లా నిలుపుతుందో, లోపాన్నీ అట్లాగే నిలుపుతుంది. ఎండుతెగులుకు లొంగే పాత విత్తనాన్నే ఏటేటా చల్లితే ఫలితమేమిటో రైతుకు తెలుసు. అందువల్ల అప్పుడప్పుడు తీరిక చేసికొని, ఒక్కొక్క ప్యాకేజీనే కొత్త వెర్షనుకు మార్చి, పరీక్షించి, ఆ తరువాతనే కొత్త అంకెను నమోదు చేయాలి. ప్రయోగశాల పుస్తకంలో ఏ రసాయనం ఎంత వాడినదీ రాసుకొనే విద్యార్థికి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మరొకరు మరొకచోట అదే ప్రయోగం చేస్తే అదే ఫలితం రావాలి.