ఒక్క రోజులో 319 కిలోమీటర్లు: మారథాన్‌తో పోల్చడం ఎలా?

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లని మీరు చదివే ఉంటారు. అంతకు మించిన పరుగు పందేలన్నిటినీ అల్ట్రామారథాన్‌లంటారు. కొన్నిటిలో దూరం ముందే నిర్ణయమై ఉంటుంది. గ్రీసులో ఏథెన్స్ నుండి స్పార్టా వరకు 246 కిలోమీటర్లు సాగే స్పార్టథ్లాన్ అటువంటిదే. మరికొన్నిటిలో కాలం నిర్ణయమై ఉంటుంది: 24 గంటల్లో ఎవరు ఎక్కువ దూరం పోతే వారే విజేత. 2022లో లిథువేనియాకు చెందిన అలెగ్జాండర్ సొరోకిన్ ఇటలీలోని వెరోనాలో ఇలా 319.614 కిలోమీటర్లు పరుగెత్తాడు. హైదరాబాదులో బయలుదేరి విజయవాడ దాటి మరో నలభై కిలోమీటర్లు పోయినంత దూరం!

అయితే ఇతడు మారథాన్ విజేతకంటె గొప్పవాడా? వేగం చూస్తే సంగతి తారుమారవుతుంది. 2023లో షికాగోలో కెన్యా యువకుడు కెల్విన్ కిప్టుమ్ మారథాన్‌ను 2 గంటల 35 సెకన్లలో ముగించాడు. అంటే గంటకు 21 కిలోమీటర్లు. సొరోకిన్ సగటు 13.3 మాత్రమే. కాని ఇదీ సరైన పోలిక కాదు. దూరం పెరిగితే వేగం తగ్గక తప్పదు. ఎంత తగ్గితే సహజం అన్నదే ప్రశ్న.

దీనికి అమెరికన్ ఇంజనీరు పీటర్ రీగెల్ 1977లో ఒక తేలిక సూత్రం చెప్పాడు. దూరం రెట్టింపైతే, పట్టే కాలం 2 రెట్లు కాదు, 2 ఘాతం 1.06, అంటే 2.085 రెట్లు అవుతుంది. పరీక్షించి చూద్దాం. ఉగాండాకు చెందిన జాషువా చెప్టెగై 2020లో 5,000 మీటర్లను 12 నిమిషాల 35.36 సెకన్లలో పరుగెత్తాడు. దీనినుండి మారథాన్ కాలాన్ని లెక్కగడితే 2 గంటల 45 సెకన్లు వస్తుంది. కిప్టుమ్ కాలానికీ దీనికీ తేడా పది సెకన్లే! ఇంత దగ్గరగా రావడంలో కొంత కాకతాళీయం ఉందనుకోండి.

ఇప్పుడు అదే సూత్రంతో మారథాన్ నుండి 24 గంటలకు పోదాం. సుమారు 438 కిలోమీటర్లు రావాలి. సొరోకిన్ పరుగెత్తినది 319. నూటికి 27 పాళ్లు తక్కువ.

ఇందుకు మొదటి కారణం శరీరంలోనే ఉంది. రీగెల్ తన సూత్రాన్ని 230 నిమిషాల లోపు పందేలకే పరిమితం చేశాడు. ఒక కిలోమీటరు పరుగుకు ప్రతి కిలో బరువుకూ దాదాపు ఒక కిలోకెలోరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి కిలోమీటరుకు 60 అన్నమాట. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండేది సుమారు 2,000 కిలోకెలోరీలు. అది ముప్పై కిలోమీటర్ల చిల్లరకు సరిపోతుంది. మారథాన్‌లో ముప్పయ్యో కిలోమీటరు దాటాక చాలామంది కాళ్లు మొరాయించేది ఇందుకే. 24 గంటల పరుగుకు 19,000 దాకా కావాలి. దారిలో తిన్నా, పేగులు గంటకు 60 నుండి 90 గ్రాముల పిండిపదార్థాన్నే పీల్చుకోగలవు. అంటే హెచ్చుకు హెచ్చు 360 కిలోకెలోరీలు. ఖర్చు గంటకు 800. మిగతాది కొవ్వునుండి రావాలి. కొవ్వుకు కొదవ లేదు గాని, అది శక్తిని నెమ్మదిగా ఇస్తుంది. వేగం తగ్గించుకోక గత్యంతరం లేదు. నిద్రలేమి, కండరాల నొప్పులు సరేసరి.

రెండో కారణం పోటీ. గ్రీకు వీరుడు యానిస్ కూరోస్ 1997లో 24 గంటల్లో 303.506 కిలోమీటర్లు పరుగెత్తాడు. 2021లో సొరోకిన్ దాటేవరకు ఆ రికార్డును ఎవరూ కదపలేదు. ఈ మధ్యకాలంలో పురుషుల మారథాన్ రికార్డు పదిసార్లు మారింది! 1984లో స్పార్టథ్లాన్‌లో కూరోస్ సాధించిన 20 గంటల 25 నిమిషాల రికార్డయితే 2023 దాకా నిలిచింది. కూరోస్ అసాధారణుడే, సందేహం లేదు. కాని పేరూ డబ్బూ ఉన్న మారథాన్‌కు వచ్చినంతమంది మెరికలు అల్ట్రాకు రాలేదన్నదీ నిజం. ఆ 27 పాళ్లలో శరీరం వాటా ఎంత, పోటీ కొరత వాటా ఎంత? రెండు గంటల ఐదు నిమిషాల్లో మారథాన్ ముగించేవారు పెద్దసంఖ్యలో 24 గంటల పందేలకు దిగితేగాని తేలదు.

ఈలోగా సూత్రాన్ని మీరే పరీక్షించవచ్చు. మైదానంలో 1,600 మీటర్లు పరుగెత్తి కాలం రాసుకోండి. దాన్ని 2.085తో హెచ్చవేయండి. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని 3,200 మీటర్లు పరుగెత్తి చూడండి.