నిర్మల్ బొమ్మైనా, వార్‌గేమ్ మినియేచరైనా.. కదిలినా పడని స్టాండ్ ఇలా చేసుకోండి

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. డెస్క్ మీద ఫోన్ పక్కనే నిలబడే బొమ్మల సంగతి.

మాది కరీంనగర్. బాపు నిర్మల్‌లో కొనిచ్చిన జింక బొమ్మ ఎప్పుడూ నా డెస్క్ మీదే ఉండేది. ఊరికే పడిపోతోందని సూపర్ గ్లూతో చెక్కముక్కకు అంటించేశా. గ్లూ ఆవిరికి కాళ్ల దగ్గర రంగు మీద తెల్లటి పొర వచ్చింది. రూమ్ మారేటప్పుడు పీకితే ఓ కాలు ఊడి చేతికొచ్చింది. బాపుకు ఫోన్ చేసి చెప్పడానికే రెండు రోజులు పట్టింది.

ఎందుకిలా అయింది?

నిర్మల్ బొమ్మల్ని పొనికి చెక్కతో చేస్తారు. అది బాగా తేలిక, మెత్తన. కాళ్లు, కొమ్ముల్లాంటి భాగాల్ని విడిగా చెక్కి, చింతగింజల పేస్ట్, రంపపు పొట్టుతో అతుకుతారు. గట్టిగా లాగితే గ్లూ కన్నా ముందు ఆ అతుకే ఊడుతుంది. అందుకే బొమ్మకు ఏదీ పర్మనెంట్‌గా అంటించొద్దు.

వార్‌గేమ్ ఆడేవాళ్ల దగ్గర దీనికి సింపుల్ సొల్యూషన్ ఉంది: మ్యాగ్నెట్. వార్‌హామర్ స్పేస్ మెరైన్ లాంటి 32 ఎం.ఎం. బేస్ కింద మ్యాగ్నెట్, స్టాండ్‌లో ఇనుప ముక్క. అంతే.

కావాల్సినవి

10×2 ఎం.ఎం. నియోడిమియం మ్యాగ్నెట్, వెడల్పాటి ఇనుప వాషర్, ఎపాక్సీ, బ్లూ టాక్, 3డీ ప్రింట్ చేసిన ప్లేట్, స్టాండ్. వాషర్ రంధ్రం మ్యాగ్నెట్ కంటే బాగా చిన్నగా ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే కొనేముందు మ్యాగ్నెట్ పెట్టి చూడండి, చాలా రకాలకు అతుక్కోదు.

స్టెప్ 1: 3 ఎం.ఎం. మందం ప్లేట్ కింది వైపు 10.2 ఎం.ఎం. గుంత పెట్టి, మ్యాగ్నెట్‌ను ఎపాక్సీతో బిగించండి. ఒక రోజు ఆరనివ్వండి.

స్టెప్ 2: స్టాండ్ పైన ప్లేట్ కంటే 0.5 ఎం.ఎం. వెడల్పుగా, 2 ఎం.ఎం. లోతు గుంత ఉంచండి. దాని అడుగున వాషర్ సమంగా కూర్చోవాలి. అసలు కిటుకు ఈ గుంతే. మ్యాగ్నెట్ పైకి లాగితే గట్టిగా పట్టుకుంటుంది కానీ పక్కకు నెడితే ఈజీగా జారిపోతుంది. ఆ జారడాన్ని గుంత అంచు ఆపుతుంది.

స్టెప్ 3: స్టాండ్‌ను బోలుగా ప్రింట్ చేసి లోపల పాత నట్లు, బోల్టులు నింపండి. తేలికైన బొమ్మకు కింద బరువే బలం.

స్టెప్ 4: బొమ్మ పాదాల కింద బఠాణీ గింజంత బ్లూ టాక్ పెట్టి ప్లేట్ మీద నిలబెట్టండి. తీసేటప్పుడు లాగొద్దు, మెల్లగా తిప్పండి.

ఎండాకాలం జాగ్రత్త

పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన దగ్గర మే నెలలో ఎండలో ఆపిన కారులో స్టాండ్ వదిలేస్తే వంకర పోతుంది. పీఈటీజీ వాడితే బెటర్. మ్యాగ్నెట్లు చిన్నపిల్లలకు అందనివ్వొద్దు. రెండు మింగితే పేగుల్లో అతుక్కుని ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో లాభం: ప్రయాణంలో ప్లేట్‌తో సహా బొమ్మను పాత బిస్కెట్ డబ్బా అడుగున అతికిస్తే కదలదు. జింక కాలు నేనే అతికించా, గీత కనిపిస్తూనే ఉంది. మొన్న అదే డబ్బాలో హైదరాబాద్ దాకా బస్సులో వచ్చింది. నాలుగు కాళ్లతోనే దిగింది.