హాట్ రాడ్ ఎప్పుడు వేడెక్కుతోంది?

అమెరికాలో పాత కారులోకి బలమైన ఇంజిన్ దించి, అక్కర్లేని బరువు తీసేసి, వేగం కోసం మలచుకున్న బండిని హాట్ రాడ్ అంటారు. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు ఎండిన సరస్సుల మీద పందేలు వేసుకున్న రోజుల నుంచీ ఉన్న పిచ్చి ఇది. ఈ బండ్లలో రారాజు 1932 ఫోర్డ్. ఇప్పుడు తిరిగేవాటిలో చాలా బండ్ల బానెట్ కింద ఉండేది ఫోర్డ్ ఇంజిన్ కాదు, షెవర్లే 350 వీ8. ఆ ఫోర్డ్ ముందు భాగం 65 హార్స్‌పవర్ ఇంజిన్ కోసం చేసినది. దాని వెనక నాలుగింతల బలమున్న ఇంజిన్ పెడితే వేడి సమస్య రాకపోతేనే ఆశ్చర్యం.

బండి వేడెక్కగానే యజమాని పెద్ద అల్యూమినియం రేడియేటర్ కొనేస్తాడు. నన్నడిగితే అది ఆఖరున చేయాల్సిన ఖర్చు.

ముందు మీటర్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోవాలి. ఒక కంపెనీ మీటర్‌కి మరో కంపెనీ సెన్సార్ తగిలించడం ఈ బండ్లలో మామూలే. సెన్సార్ విప్పి, వైరూ ఎర్తూ దానికి తగిలించే ఉంచి, మరుగుతున్న నీళ్లలో ముంచితే ముల్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవాలి.

తర్వాత అసలు ప్రశ్న: వేడి ఎప్పుడు పెరుగుతోంది?

సిగ్నళ్ల దగ్గర పెరిగి, బండి పరుగందుకోగానే తగ్గుతుంటే ముందు గాలిని అనుమానించాలి. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన తొడుగును అందం కోసం తీసేసేవాళ్లు చాలామంది. అది లేకపోతే ఫ్యాన్ తనకు ఎదురుగా ఉన్న గుండ్రటి మేర నుంచే గాలి లాగుతుంది, రేడియేటర్ మూలలు వృథా. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి వైర్లు తారుమారైతే గాలి ఎదురు తిరుగుతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా రేడియేటర్ ముందు కాగితం పెట్టి చూడండి, అంటుకుపోవాలి. ఇక్కడే చాలామంది పట్టించుకోనిది ఇగ్నిషన్ టైమింగ్. స్పార్క్ ఆలస్యమైతే మంట ఎగ్జాస్ట్ దాకా సాగి, ఆ దారి చుట్టూ ఉన్న నీటిని కాచేస్తుంది. అలాంటి బండికి ఏ రేడియేటర్ వేసినా దండగే.

హైవే మీద వేడెక్కుతుంటే కథ వేరు. అక్కడ గాలికి కొదవ లేదు కాబట్టి నీటి వైపు వెతకాలి. పంపు పీల్పుకి మెత్తబడ్డ కింది హోస్ లోపలికి నొక్కుకుపోతుంది. బండి ఆపి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ పెంచి చూస్తే తెలిసిపోతుంది, చేతులు మాత్రం బెల్టుకి దూరంగా ఉంచండి. మరో చిక్కు పంపుది. కొత్త రకం షెవర్లే బెల్టుల కోసం చేసిన పంపు ఒక దిశలో తిరుగుతుంది, పాత వీ బెల్టు పంపు దానికి ఎదురు దిశలో తిరగాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకదాని బదులు మరొకటి బిగించేస్తారు. ఇవి సరిగ్గా ఉంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్‌ని అంగుళం అంగుళం చూడండి. మధ్యలో చల్లటి మచ్చ దొరికితే అక్కడి గొట్టాలు పూడుకున్నట్టే.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. ఎగ్జాస్ట్ గ్యాస్ తగిలితే నీలం నుంచి పసుపుకి మారే పరీక్ష ద్రవం స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది.

పాత ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8నే ఉంచుకున్నవారిది ఇంకో బాధ. అందులో ఎగ్జాస్ట్ దారులు బ్లాక్‌లోని నీటి మధ్య నుంచే బయటికి పోతాయి. దానికితోడు పోత పోసిన నాటి ఇసుక, దశాబ్దాల తుప్పు నీటి దారుల్లో పేరుకుని ఉంటాయి. వాళ్లు రేడియేటర్‌కి ముందు బ్లాక్ కడిగించుకోవాలి.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. ఆ మూత నిలిపే ప్రతి పౌండు ఒత్తిడికీ నీటి మరుగు స్థానం సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. అందుకే 15 పౌండ్ల మూత, సగానికి సగం కూలెంట్ ఉన్న షెవర్లే బండి ట్రాఫిక్‌లో 100 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండి, చుక్క కూడా బయటికి తన్నకపోతే దానికి జబ్బేమీ లేదు. హాయిగా నడుపుకోండి.