నీటిని జల్లెడ పట్టిన శాస్త్రజ్ఞుడు

ఏలూరు నుంచి ఉత్తరంగా పెదవేగి దారిలో మీరెప్పుడైనా వెళ్ళారా? ఒకప్పుడు శాలంకాయనుల రాజధానియైన వేంగి అదే. నేడక్కడ కోటలు లేవు, ఆయిల్‌పామ్ తోటలున్నాయి. ఆ పంట మీద పరిశోధనకు 1995లో కేంద్ర సంస్థ ఒకటి అక్కడే వెలసింది.

పామ్ గెలలను ఆవిరిలో ఉడికించి, పండ్లు రాల్చి, పిండితే గాని నూనె రాదు. పని ముగిసేసరికి జిడ్డూ పిప్పీ కలిసిన మడ్డినీరు మిగులుతుంది. ఇది ఏ ఒక్క మిల్లు సంగతో కాదు. ఆ పని స్వభావమే అంత. ఆ నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే మడ్డి కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరించివేస్తుంది. చేపకు ఊపిరాడదు. నీరు పల్లమెరుగు అన్నారు గదా! ఈ సీమకంతటికీ పల్లం కొల్లేరు.

ఆ కొల్లేటి లంకల్లో వింత చూడండి. చుట్టూ కనుచూపుమేర నీళ్ళు. తాగడానికి మాత్రం డబ్బాలో కొన్న నీళ్ళు! పైనుంచి మురుగు, కింద ఉప్పుటేరు వెంట సముద్రపు ఉప్పు. మధ్య మనిషి గొంతు తడిపేది కాగితమంత పలచని ఒక పొర.

ఎండుద్రాక్షను నీళ్ళలో వేస్తే రాత్రికి రాత్రే ఉబ్బుతుంది. తోలు గుండా నీరు పలుచన నుంచి చిక్కదనం వైపు పోవడమే అందుకు కారణం. ఉప్పునీటి మీద ఒత్తిడి పెట్టి ఈ నడకను వెనక్కు తిప్పితే ఉప్పు ఇవతల నిలిచి, మంచినీరు అవతలికి పోతుంది. చెప్పినంత తేలిక కాదు. సముద్రపు నీటికైతే గాలి ఒత్తిడికి పాతికరెట్లు మించి నొక్కాలి. తొలినాటి పొరలు ఉప్పును ఆపాయి గాని, నీరు బొట్టు బొట్టుగా తప్ప రాలేదు.

1960 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ ఈ చిక్కు విప్పారు. వారి పొరకు ముఖం, వీపు ఉండేవి! తిప్పి అమరిస్తే పనిచేసేది కాదు. ఒకవైపు అతి సన్నని బిగువైన చర్మం, దాని కింద స్పంజివంటి మెత్తన. ఆపేది ఆ చర్మమే; అది పలచన గనుక నీరు అంతకు ముందుకన్న ఎన్నోరెట్లు వడిగా దిగింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణం ఆ విధంగా తీసిన నీరు తాగింది.

ఈ విద్యను మన గడప దాకా తెచ్చినవారిలో హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు చెందిన డాక్టర్ సుందర్‌గోపాల్ శ్రీధర్ ఒకరు. ఆయన మొదట పట్టుకున్నది మంచినీరు కాదు, రాకెట్ ఇంధనం! హైడ్రజీన్‌లో కలిసిన నీటిని బట్టీపట్టి పూర్తిగా విడదీయడం సాధ్యం కాదు. పైగా వేడి చేస్తే పేలే ప్రమాదం. ఆ నీటిని పొర గుండా వేరుచేసే మార్గాన్ని ఆయన, సహచరులు 1999 ప్రాంతంలో పరిశోధించి ప్రకటించారు.

2002లో వారి దృష్టి వంటనూనె కర్మాగారాల మురుగు మీద పడింది. పొరతో వడకడితే లవణాలూ మాలిన్యాలూ చాలా భాగం ఆగిపోయి, తిరిగి వాడుకోదగిన నీరు వస్తుందని తేల్చారు. తరువాత ఫ్లోరైడు నీటితో పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిన పల్లెల వంతు వచ్చింది. వారికోసం తక్కువ ఒత్తిడితో నడిచే శుద్ధి యంత్రాల మీద పనిచేశారు. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే పొరల అనుభవం ముఖానికి తొడుక్కునే మాస్కుకు అక్కరకు వచ్చింది.

రాకెట్టెక్కడ, నూనె మిల్లెక్కడ, పల్లెటూరి బిందె ఎక్కడ! కాని ప్రశ్న ఒక్కటే: దేన్ని పోనివ్వాలి, దేన్ని ఆపాలి?

అయితే పొర మాయలమరాఠీ కాదు. అది చెడును చంపదు, పక్కకు తీస్తుందంతే. ఇళ్ళలోని చిన్న యంత్రాలు బిందెడు మంచినీటికి రెండు మూడు బిందెల ఉప్పునీటిని పారబోస్తాయి. ఆ పారబోసింది ఎక్కడికి పోతుంది? మళ్ళీ పల్లానికే.

అందుచేత పొరను పెట్టవలసిన చోటు తాగేవాడి గుమ్మమొక్కటే కాదు, వదిలేవాడి గుమ్మం కూడా. మెట్టన వడకడితే పల్లాన కొనుక్కునే అవసరం కొంతైనా తగ్గుతుంది. 2002 నాటి ఆ నూనె మురుగు పరిశోధన చెప్పేది ఇదే. పెదవేగి వింటే, కొల్లేరు బతుకుతుంది.