బిడ్డ పక్షమునఁ బలుకువాఁడు



మైనరు దావా యనఁగా నేమో మీలోఁ బెక్కుర కెఱుక. 18 ఏండ్లు నిండనివాఁడు కోర్టులో స్వయముగా దావా నడపఁజాలఁడు. వాని తరఫున నొక సంరక్షకుఁడు నిలువవలయును. 1908 నాఁటి సివిలు ప్రొసీజరు కోడు 32వ ఆర్డరు ఈ సంగతిని విధించుచు, బిడ్డ లాభమునకు విరుద్ధమైన లాభము గలవాఁడు ఆ స్థానమునకుఁ దగఁడనియుఁ జెప్పినది. పొలముగట్టు తగవునకే యింత జాగ్రత్త యుండఁగా, బిడ్డ యెవరి యింటఁ బెరుగవలెనను తగవునకు మఱి యెంత యుండవలెను? నేఁటి ప్రసంగమునకు విషయ మిదియే.

మా కొండవీటి చరిత్రలోనే యొక నిదర్శన మున్నది. 1364 ప్రాంతమున అనవోతారెడ్డి గతించినప్పుడు కుమారుఁడు కుమారగిరి చిన్నవాఁడగుటచేఁ దమ్ముఁడు అనవేమారెడ్డి సింహాసన మెక్కెను. 1386 ప్రాంతమున నాయన పోయిన పిమ్మటఁ గాని కుమారగిరికి రాజ్యము రాలేదు. రాజపుత్రుని పక్షమునఁ బలుకుటకు మంత్రులైన నుందురు. పేదబిడ్డ పక్షమున నెవ్వరు?

నా యుపాధ్యాయవృత్తిలో జరిగినదొకటి చెప్పెదను. తలిదండ్రులను గోల్పోయిన యన్నాచెల్లెండ్రు మా బడిలోఁ జదువుచుండిరి. బంధువులు కూడి, పిల్లవానిని మేనమామకును బాలికను పినతండ్రికిని ఒప్పగించుచుఁ గాగితము వ్రాసిరి. సాక్షిగా నేనును వ్రాలు చేసితిని. మఱునాఁడు పిల్లవాఁడు నాకడకు వచ్చి, “అయ్యవారూ, మా చెల్లికి చీకటంటే భయమండీ. నేను పక్కన లేకపోతే నిద్రపోదు. మీరైనా నన్నొక్క మాట అడగలేదేమండీ?” అనెను. ఆ యేఁడు మిర్చికోతలు ముగియకమునుపే వాఁడు బడి మానెను. ఆ వ్రాలు నన్నిప్పటికిని బాధించుచున్నది.

2015 నాఁటి బాలల న్యాయచట్టము ఇట్టి పొరపాట్లకుఁ జికిత్స చూపినది. దిక్కులేని బిడ్డను, ప్రయాణకాలము గాక, 24 గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. ఆ సమితిలో అధ్యక్షుఁడును నలుగురు సభ్యులును ఉందురు. దానికి మెజిస్ట్రేటు అధికారములు కలవు. సమితి బిడ్డను సొంతవారి కప్పగింపవచ్చును, లేదా పోషక కుటుంబమున నుంపవచ్చును; శరణాలయము చిట్టచివరి మార్గము. పోషణము దత్తత కాదు. దత్తతచే బిడ్డ ఆ యింటి సంతానమే యగును. పోషణము కొంతకాలపు టాశ్రయము. తలిదండ్రులు తేరుకొనిరని సమితికిఁ దోఁచినచో బిడ్డ మరల వారి యింటికిఁ బోవచ్చును. తోఁబుట్టువులను వీలైనంతవఱకు నొక్కచోటనే యుంచవలెననియు, సమితి నెలనెలయుఁ బోషకగృహమును పరీక్షింపవలెననియుఁ జట్టము చెప్పుచున్నది. అన్నిటికంటె ముఖ్యముగా, తన్ను గూర్చిన నిర్ణయమునఁ దన మాట చెప్పుకొను హక్కు బిడ్డకుఁ గలదు.

అయినను, అపరిచితులైన పెద్దల నడుమ బిడ్డ నోరు తెఱచుట సులభమా? ఈ చిక్కే అమెరికాలోని సియాటిల్ నగరమున డేవిడ్ సూకప్ అను న్యాయాధిపతికిఁ గలిగినది. చాలినంత సమాచారము లేకయే బిడ్డల బ్రతుకును నిర్ణయింపవలసి వచ్చుచున్నదని కలఁతనొంది, ఆయన 1977లో సామాన్యపౌరులను సాయమునకుఁ బిలిచెను. వారు వకీళ్లు కారు, వేతనము పుచ్చుకొనరు. శిక్షణ పొంది, తమకప్పగించిన బిడ్డను పలుమాఱులు చూచి, ఉపాధ్యాయునితోను ఇంటివారితోను మాటాడి, తాము కనుఁగొన్నది కోర్టునకు వ్రాసి యిత్తురు.

మనకు అచ్చముగా నట్టి పదవి లేకున్నను దారి లేకపోలేదు. 1987 నాఁటి న్యాయసేవాధికార సంస్థల చట్టము బిడ్డలకు ఉచితముగా వకీలు సాయము పొందు హక్కు నిచ్చినది. ఆ సంస్థలయొద్ద శిక్షణ పొంది పారాలీగల్ వాలంటీరుగాఁ జేరి, ఆ సాయమును బిడ్డ కందునట్లు చేయవచ్చును. అందుకుఁ దగినవారిలో విశ్రాంత ఉపాధ్యాయులనుగూడఁ బథకము పేర్కొన్నది. ఆపదలో నున్న బిడ్డను గూర్చి తెలుపుటకు 1098 అను ఫోను సంఖ్య యున్నది.

ఇట్టి పనికిఁ బూనువారు కొన్నిటిని మఱవరాదు. బిడ్డతో నింటివారి యెదుటనే కాక, విడిగాఁ గూడ మాటాడవలెను. చూచినది వేఱు, విన్నది వేఱు. రెంటిని గలిపి వ్రాయరాదు. బిడ్డ సంగతులు రచ్చబండపైఁ జెప్పరాదు. ఆ బిడ్డ పొలముపైఁ దనవారికి దృష్టి యున్నచోఁ దానే తప్పుకొనవలెను. బిడ్డ కోరినది, మనకు మేలని తోఁచినది వేఱైనచో రెండును సమితికి విన్నవింపవలెను. తీర్పు చెప్పుట సమితి పని. ఉన్నది యున్నట్లు తెలుపుట మన పని.

ఊరిలో నెవరి బిడ్డ యెవరి యింటఁ గడుపునిండఁ దినుచున్నదో పెద్దలకుఁ దెలియనిది కాదు. ఆ తెలివిడి అరుగుమీఁదనే నిలిచిపోరాదు. ఇఁకమీఁద బిడ్డను గూర్చిన కాగితముపై వ్రాలు చేయవలసివచ్చినచో, కలము పట్టుటకు ముందు ఆ బిడ్డను ప్రక్కకుఁ బిలిచి, “నీ మాట ఏమిటి నాయనా?” అని యడుగుఁడు. నే నడుగలేదు.