మృతుల లెక్క

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండనంతయు కుమ్మరింప నక్కరలేదు. ఒక్క మెతుకు పట్టిచూచిన చాలును. అయితే ఆ మెతుకు కుండలో ఏ మూలనుండి తీసినదో చెప్పగలిగి యుండవలెను. ఇరాకు యుద్ధమృతుల గణనపై వివాదమంతయు ఇచ్చటనే పుట్టినది.

2003 మార్చిలో అమెరికా, బ్రిటను సేనలు ఇరాకులో ప్రవేశించెను. మూడేండ్ల పిమ్మట జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన గిల్బర్టు బర్న్‌హామ్, ఇరాకు వైద్యుడు రియాద్ లఫ్తా ప్రభృతులు ఆ దేశమున 47 చోట్ల 1,849 కుటుంబములలో జరిగిన మరణములను అడిగి వ్రాయించిరి. తుపాకులు ప్రేలుచుండగా తలుపులు తట్టిన ఆ ఇరాకీయుల ధైర్యమును ఎవరును కాదనజాలరు. యుద్ధము రాకున్నచో బ్రదికియుండెడివారు 6,54,965 మంది మరణించిరని 2006 అక్టోబరులో 'లాన్సెట్' వైద్యపత్రిక ప్రకటించెను. అసలు సంఖ్య 3,92,979కిని 9,42,636కిని నడుమ ఎచ్చటనైన ఉండవచ్చునని వారే చెప్పిరి.

అధ్యక్షుడు బుష్ అది నమ్మదగినది కాదని వెంటనే త్రోసివేసెను. బ్రిటిషు రక్షణశాఖ శాస్త్రసలహాదారు మాత్రము ఆ పద్ధతి గట్టిదేయని లోలోపల వ్రాసిన సంగతి మరుసటి యేడు బయటపడినది. పాలకుల మాట అటుండనిండు; తోటి శాస్త్రజ్ఞుల ప్రశ్న వేరు. పెద్దవీథి నొకదానిని ఎన్నుకొని, దానిని ఖండించు చిన్నవీథిలో ఒక యింట మొదలిడి వరుసగా నలుబది యిండ్లు తిరిగితిమని నివేదికలో నున్నది. బాంబులు ప్రేలునది జనసమ్మర్దము గల పెద్దవీథుల చెంతనే గదా. ఆ దాపునగల యిండ్లనే చూచినచో లెక్క పెరుగదా యని వారడిగిరి. పెద్దవీథిని తాకని వీథులను గూడ చేర్చితిమని బదులు వచ్చెను. ఎట్లు చేర్చిరో పూర్తిగా వెల్లడి కాలేదు. ప్రజల ప్రాణరక్షణకై కొన్ని వివరములు దాచవలసివచ్చెననిరి.

ఆ కారణము చిన్నది కాదు. అట్టి దేశమున వీథి పేరు తెలిసినను ప్రాణము పోవచ్చును. కాని 2009లో విశ్వవిద్యాలయము విచారింపగా, అనుమతి పొందిన పత్రము గాక వేరొకటి వాడిరనియు, పెక్కింటిపై గృహస్థుల పేర్లే వ్రాసియున్నవనియు తేలినది! ఫలితము తప్పని ఆ విచారణ చెప్పలేదు. వివరము లడిగినను ఈయలేదని అమెరికా ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘము ఆ నెలలోనే బర్న్‌హామ్‌ను బహిరంగముగా తప్పుపట్టెను.

అంతకు పూర్వమే, 2008 జనవరిలో, ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఇరాకు ప్రభుత్వము కలిసి 9,345 కుటుంబములను అడిగి చేసిన గణన వెలువడినది. 2006 జూను వరకు హింసచే మరణించినవారు 1,51,000 మందియని అందున్నది. బర్న్‌హామ్ బృందము లెక్కలో హింసామరణములే ఆరు లక్షలు. ప్రభుత్వపు మనుష్యులు అడిగినప్పుడు జనము నిజము చెప్పిరా యన్న శంక దీనికిని తప్పలేదు. అయినను 1,086 చోట్లలో 115 చోట్లకు ప్రాణభయముచే పోజాలకపోయిరనియు, ఆ లోటును ఏ లెక్కతో పూరించిరో కూడ ఆ నివేదికలోనే వ్రాసియున్నది.