సైటోకైన్లు: శోథను రగిల్చేవి, అణచేవి

రోగనిరోధక కణాలు పరస్పర సంకేతాలకై స్రవించే చిన్న ప్రోటీన్లే సైటోకైన్లు. సూక్ష్మజీవి ప్రవేశించగానే మాక్రోఫేజ్‌లు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6లను విడుదల చేస్తాయి. రక్తనాళాలు వ్యాకోచించి తెల్లకణాలు అక్కడికి చేరతాయి, జ్వరం వస్తుంది. ఈ స్థితిని తెలుగులో ‘వాపు’ అనడం పరిపాటి. అయితే వాపు దాని లక్షణాల్లో ఒకటి మాత్రమే. ఎరుపు, వేడి, నొప్పి కూడా కలిసిన స్థితికి ‘శోథ’ అనే మాటే సమంజసం. పని ముగిశాక ఇంటర్‌ల్యూకిన్-10 వంటివి ఆ ఉద్ధృతిని తగ్గిస్తాయి. కాబట్టి సైటోకైన్లన్నింటినీ శోథకారకాలుగా నిర్వచించడం సరికాదు.

ఈ సమతౌల్యం తప్పితే ఏమవుతుందో రుమటాయిడ్ కీళ్లవాతంలో చూడవచ్చు. సూక్ష్మజీవి లేకున్నా టి.ఎన్.ఎఫ్. వెలువడుతూనే ఉండి, కీళ్లలోని మృదులాస్థిని, ఎముకను క్షీణింపజేస్తుంది. దీనికి నేటికీ ముందుగా వాడే మందు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940ల్లో రూపొందించిన ఫోలిక్ ఆమ్ల నిరోధకాల్లో అది ఒకటి. అది క్యాన్సర్ కణాల విభజనను ఆపడానికి ఉద్దేశించినది. తక్కువ మోతాదులో అడినోసిన్‌ను పెంచి, తద్వారా టి.ఎన్.ఎఫ్. ఉత్పత్తిని తగ్గిస్తుందని తరువాతి పరిశోధనలు సూచించాయి. 1948లోనే మరణించిన సుబ్బారావు ఈ వినియోగాన్ని చూడలేదు. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. మందుల చీటీపై ఆ ఒక్క మాటైనా తెలుగులో ఉండాలి.